చేర్చుకోవడం ఎప్పుడు ఓర్చుకోవడమైంది?

గొడవపడిన భార్యాభర్తలను కూర్చోబెట్టి మాట్లాడేటప్పుడు పాస్టర్లు తరచూ రెండు వచనాలు తీస్తారు. ఒకటి మత్తయి 7:1, "మీరు తీర్పు తీర్చకుడి". రెండోది రోమా 15:7, క్రీస్తు మిమ్మల్ని చేర్చుకున్నట్టే మీరూ ఒకరినొకరు చేర్చుకోండి అనేది. నిజానికి ఈ రెండూ పెళ్లి గురించి చెప్పిన మాటలు కావు. అవి కాపురంలోకి ఏ దారిన వచ్చాయో, ఆ దారిలో వాటి అర్థం ఎక్కడ జారిపోయిందో తెలుసుకోవాలి. లేకపోతే ఒక ఇంట్లో మందులా పనిచేసిన వాక్యమే ఇంకో ఇంట్లో నోరు నొక్కుతుంది.

పౌలు రోమా సంఘానికి పత్రిక రాసింది సుమారు క్రీ.శ. 57లో. అంతకు కొన్నేళ్ల ముందు, 49 ప్రాంతంలో, క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా వదిలి పొమ్మన్నాడు. అకుల, ప్రిస్కిల్ల దంపతులు అలా వచ్చేసినవాళ్లేనని అపొస్తలుల కార్యములు 18:2 చెబుతుంది. 54లో చక్రవర్తి చనిపోయాక తిరిగి వచ్చిన యూదు విశ్వాసులకు, అప్పటికే అక్కడ పాతుకుపోయిన అన్యజనుల (యూదులు కానివారి) విశ్వాసులకు మధ్య తిండి దగ్గరా, పాటించాల్సిన దినాల దగ్గరా తగాదాలు వచ్చాయని చాలామంది పండితులు భావిస్తారు. పౌలు మనసులో ఎవరి పక్షమో 14వ అధ్యాయం చదివితే తెలిసిపోతుంది. అయినా ఆయన, "పరుని సేవకునికి తీర్పు తీర్చుటకు నీవెవడవు?" అని అడిగాడు.

అక్కడ 'చేర్చుకొనుడి' అని మనం చదివే గ్రీకు మాటే అపొస్తలుల కార్యములు 28:2లోనూ వస్తుంది. ఓడ బద్దలై పౌలుతో పాటు అందరూ తడిసి ముద్దయి మెలితే ద్వీపం ఒడ్డుకు చేరారు. వాన, చలి. ద్వీపవాసులు నిప్పు రాజేసి వాళ్లందరినీ చేర్చుకున్నారు. వీళ్లలో ఖైదీలెవరు, సైనికులెవరు అని ముందు ఆరా తీయలేదు. చేర్చుకోవడం అంటే అది, చలికి వణికేవాడిని మంట దగ్గరికి రానివ్వడం. ఇందులో పళ్లబిగువున భరించడం అనే అర్థం ఎక్కడా లేదు.

తీర్పు మాట వివాహంలోకి నేరుగా వచ్చేది మత్తయి 19లో. "ఏ హేతువు చేతనైనను" భార్యను విడనాడవచ్చా అని పరిసయ్యులు అడిగిన ప్రశ్న వెనుక ఒక పాత వాదం ఉంది. ద్వితీయోపదేశకాండము 24:1 మీద యూదు ధర్మశాస్త్ర బోధకుల్లో రెండు వర్గాలు వాదించుకున్నాయి. షమ్మయి వర్గం, లైంగిక దోషం ఉంటే తప్ప కుదరదంది. హిల్లేలు వర్గం, భార్య వంట పాడుచేసినా చాలంది. రబ్బీ అకీబా తర్వాతి కాలంలో, ఇంకా అందగత్తె కనబడినా చాలన్నాడు. యూదు బోధకుల తీర్పుల సంకలనమైన మిష్నాలో, గిట్టీన్ 9:10లో ఈ మూడూ వరసగా ఉంటాయి. అంటే భర్త రోజూ న్యాయపీఠం మీదే కూర్చుంటాడు, మాడిన కూర కూడా సాక్ష్యమే. దేవుడు జతపరచినవారిని మనుష్యుడు వేరుచేయకూడదని చెప్పి యేసు ఆ పీఠాన్నే తీసేశాడు. శిష్యులు బిత్తరపోయి, అలాగైతే పెళ్లి చేసుకోకపోవడమే మేలన్నారు. శిష్యుల ఆ మాటను బట్టే అప్పటి మగవాళ్లకు ఆ అధికారం ఎంత అలవాటైపోయిందో తెలుస్తుంది.

జారుడు మొదలైన చోటు మొదటి పేతురు 3:1 అనుకోవచ్చు. అవిశ్వాసియైన భర్తను "వాక్యము లేకుండనే", నడవడితోనే రాబట్టుకోమని అక్కడ ఉంది. భార్య భర్త దేవుళ్లనే కొలవాలని గ్రీకు రచయిత ప్లూటార్క్ లాంటివాళ్లు బోధించిన సమాజం అది. అలాంటి ఇంట్లో మౌనం ఆమెకు రక్షణ. ఇద్దరూ విశ్వాసులైన ఇంట్లో, తప్పు చేసిన భర్త ముందు భార్య మాట్లాడకూడదనే నియమంగా దాన్ని మార్చడం వేరే సంగతి. పైగా ఏడో వచనం భర్తల మీదే పడుతుంది: భార్యను సన్మానించకపోతే మీ ప్రార్థనలకే అడ్డం.

నాలుగో శతాబ్దంలో రెండు దారులూ పక్కపక్కనే కనిపిస్తాయి. వేదాంతి అగస్టీన్ తన ఒప్పుకోలు గ్రంథం తొమ్మిదో భాగంలో తల్లి మోనికా కాపురం గురించి రాశాడు. తండ్రి పత్రీకియుస్ కోపిష్ఠి, పరస్త్రీల వెంట తిరిగినవాడు. కోపంలో ఉన్నప్పుడు ఆమె ఎదురు చెప్పేది కాదు, చల్లారాక విషయం వివరించేది. చివరి రోజుల్లో ఆయన బాప్తిస్మం పొందాడు. ఇంతవరకు నేర్చుకోదగ్గదే. కానీ ముఖాన దెబ్బల గుర్తులతో వచ్చి మొగుళ్ల మీద చెప్పుకున్న ఇరుగుపొరుగు స్త్రీలతో ఆమె, పెళ్లి పత్రం చదివిన రోజే మనం దాసులమయ్యామని గుర్తుంచుకోండి అంది. చేర్చుకోవడం ఓర్చుకోవడంగా మారడం అక్కడ కళ్లకు కడుతుంది, భారమంతా ఒక్కరి మీదే పడడం కూడా. అదే కాలంలో ప్రసిద్ధ బోధకుడు యోహాను క్రిసోస్తోమ్, ఎఫెసీ పత్రిక మీద ఇరవయ్యో ప్రసంగంలో, జీవిత భాగస్వామిని భయంతో, బెదిరింపులతో కట్టేయకూడదు, ప్రేమతో కట్టుకోవాలన్నాడు. మొదటి కొరింథీ మీద ఇరవై ఆరో ప్రసంగంలో, భార్యను కొట్టడం కొట్టినవాడికే సిగ్గుచేటన్నాడు. తర్వాతి శతాబ్దాల బోధలో మోనికా మాటే ఎక్కువగా వినబడిందని మా అభిప్రాయం.

మధ్యయుగపు ఇంగ్లండులో సాలిస్‌బరీ ఆరాధన క్రమం వాడేవాళ్లు. మేలుకైనా కీడుకైనా, కలిమిలోనైనా లేమిలోనైనా, వ్యాధిలోనైనా ఆరోగ్యంలోనైనా అనే ప్రమాణం అందులోదే. ఇంగ్లండు సంఘపు 1549 ప్రార్థనల పుస్తకం దానికి ప్రేమించి ఆదరిస్తాను అన్న మాట చేర్చింది. వివాహ ఉద్దేశాల్లో పరస్పర సహవాసం, సహాయం, ఆదరణ అనేదాన్ని మూడోదిగా పెట్టింది. వధువు ప్రమాణంలో మాత్రం విధేయత అదనంగా ఉంది. గమనించండి, ఆ జాబితాలో ఉన్నవన్నీ మీదపడే పరిస్థితులు. అవతలి వ్యక్తి చేసే హింసను భరిస్తానని అందులో ఎక్కడా లేదు.

20వ శతాబ్దంలో మాట ఇంకో వైపు జారింది. వేదాంతి పాల్ టిల్లిక్, నువ్వు అంగీకరించబడ్డావు అన్న అంశం మీద చేసిన ప్రసంగం 1948లో అచ్చయింది. మనస్తత్వ శాస్త్రంలోకి రాకముందు వేదాంత కళాశాలలో చదివిన కార్ల్ రోజర్స్ 1957లో షరతులు లేని ఆదరణను చికిత్సకు అవసరమైన నియమంగా పెట్టాడు. క్రైస్తవ కౌన్సెలింగ్ ఆ మాటను దంపతులకూ అంటగట్టింది. చిక్కేమిటంటే, చికిత్సకుడికి గంట అయ్యాక తలుపు ఉంది. భార్యాభర్తలది ఒకే బ్యాంకు ఖాతా, ఒకే పిల్లలు.

ఇంతకన్నా పనికొచ్చినవి రెండు. 1962లో స్పెయిన్‌లో గాబ్రియేల్ కాల్వో అనే కతోలిక గురువు మొదలుపెట్టిన మ్యారేజ్ ఎన్‌కౌంటర్‌లో ఒక పద్ధతి స్థిరపడింది. ఒకే ప్రశ్న మీద ఇద్దరూ విడిగా 10 నిమిషాలు రాస్తారు. నోటుబుక్కులు మార్చుకుంటారు. రెండుసార్లు చదువుతారు, ఒకసారి బుర్రతో, ఒకసారి మనసుతో. తర్వాత 10 నిమిషాలు మాట్లాడుకుంటారు. భావాలకు తప్పొప్పులు ఉండవన్నది నియమం. ఇది చెడేది ఎక్కడంటే, "నువ్వు స్వార్థపరుడివని నాకనిపిస్తోంది" అని రాసినప్పుడు. అది భావం కాదు, తీర్పుకు ముసుగు. "నిన్న రాత్రి నువ్వు ఫోన్ ఎత్తకపోతే భయమేసింది" అన్నది భావం.

రెండోది, 1990లలో నీల్ జేకబ్సన్, ఆండ్రూ క్రిస్టెన్సెన్ రూపొందించిన దంపతుల చికిత్స. సమస్యను 'నువ్వు' అనకుండా, ఇద్దరి ముందూ ఉన్న ఒక వస్తువులా 'అది' అని మాట్లాడించడం అందులో ఒక భాగం. 134 జంటల మీద జరిగిన పరీక్షలో, మార్పును మాత్రమే కోరే పాత పద్ధతి కన్నా మొదటి రెండేళ్లు ఇది మెరుగ్గా కనిపించింది. అయిదేళ్లకు తేడా దాదాపు చెరిగిపోయింది. తీవ్రమైన హింస ఉన్న జంటలను ఆ పరీక్షలోకి తీసుకోలేదు. సంఘాల్లో ఈ పద్ధతి వాడేవాళ్లు మరిచిపోయేది దీన్నే.

మత్తయి 7 దగ్గరికి తిరిగొస్తే, తీర్పు తీర్చకుడి అన్న వాక్యం ఒకటో వచనంతో ఆగదు. అయిదో వచనంలో వరస ఉంది: మొదట నీ కంట్లో దూలం, తర్వాత అవతలివారి కంట్లో నలుసు. నలుసును వదిలేయమని లేదు, తీయడానికి తేటగా కనబడుతుందని ఉంది. కంట్లో నలుసు తీసేవాళ్లు దగ్గరికి వస్తారు, రెప్ప పట్టుకుంటారు, చెయ్యి వణకనివ్వరు. అప్పు దాచిన భర్తతో, "నువ్వు డబ్బు మాట ఎత్తినప్పుడల్లా నేను అరిచాను, అది నా తప్పు. ఇప్పుడు మొత్తం ఎంతో కాగితం మీద రాయి" అనడం ఆ వరసే. రెండో వాక్యం లేకుండా మొదటిదే చెప్పించి పంపితే అప్పు పెరుగుతుంది.

దెబ్బలున్న ఇంటికి ఈ వరస వర్తించదు. 2016లో పోప్ ఫ్రాన్సిస్ కుటుంబ ప్రేమ మీద ఇచ్చిన లేఖ 92వ పేరాలో, సహనమంటే ఎడతెగని దుర్వ్యవహారాన్ని, శారీరక హింసను భరించడం కాదని రాశారు. 1983 కతోలిక సంఘ చట్టం 1153వ నియమం, శరీరానికో ఆత్మకో తీవ్రమైన ప్రమాదం ఉంటే విడిగా వెళ్లే హక్కును ఒప్పుకుంటుంది. అందుకే దంపతులతో మాట్లాడేవాళ్లు ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టకముందు ఒక్కొక్కరినీ విడిగా కలవాలి: ఇంట్లో భయంగా ఉందా, ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నారా, డబ్బు, ఫోను ఎవరి చేతిలో ఉంటాయి అని అడగాలి. ఇదే ప్రశ్న పక్కన భర్త ఉండగా అడిగితే, భయపడే భార్య "అంతా బాగానే ఉందండీ" అంటుంది.