అపోహలు - వాస్తవాలు: మరో భవిష్యత్తు మన ఊహకెందుకు అందడం లేదు?

విశాఖలో డిగ్రీ పిల్లలకు పదిహేనేళ్లుగా సమాజశాస్త్రం చెబుతున్నాను. ఏటా మొదటి నెలలోనే ఒక పేజీ రాయమంటాను: '2075లో విశాఖ'. వచ్చిన కాగితాలు రెండు కుప్పలవుతాయి. ఒక కుప్పలో సముద్రం బీచ్ రోడ్డు దాటి ఊళ్లోకొచ్చేసి ఉంటుంది, మంచినీళ్ల కోసం కొట్లాటలు జరుగుతుంటాయి. రెండో కుప్పలో రుషికొండ మీద ఎగిరే ట్యాక్సీలు, వంట చేసే రోబోలు. ఏ కుప్ప చూసినా ఇంటద్దె ఉంటుంది, ఓనరుంటాడు, ఈఎంఐ ఉంటుంది. పోయినేడు ఒకమ్మాయి రాసిన కథలో అంగారకుడి మీదికి వెళ్లినవాళ్లు కూడా మూడు నెలల అడ్వాన్సు కట్టి గది తీసుకున్నారు. ఆ వాక్యం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఈ కాగితాల మాటెత్తితే తోటి లెక్చరర్లు, పిల్లల తల్లిదండ్రులు తరచూ అనేవి కొన్నున్నాయి. వాటికి నాకు తెలిసిన జవాబులివి.

అపోహ: ఈ తరానికి ఊహాశక్తి లేదు. అంతా ఫోన్ల వల్లే.

వాస్తవం: ఊహాశక్తి లేనివాళ్లు అంగారకుడిదాకా వెళ్లరు. ప్రళయాన్నీ యంత్రాల్నీ కళ్లకు కట్టినట్టు రాసే పిల్లల కలం ఆస్తి, జీతం, పనిగంటల దగ్గరకొచ్చేసరికి ఆగిపోతోంది. ఇది మన పిల్లల సమస్యే అనుకోనక్కర్లేదు. భూమీ ప్రకృతీ నాశనమైపోవడం ఊహించగలుగుతున్నాం గానీ పెట్టుబడిదారీ వ్యవస్థ పోవడాన్ని ఊహించలేకపోతున్నామని అమెరికన్ విమర్శకుడు ఫ్రెడ్రిక్ జేమిసన్ 1994లోనే రాశాడు. అప్పటికి సోవియట్ యూనియన్ కూలి మూడేళ్లు. మార్కెట్ తప్ప 'వేరే దారి లేదు' అన్న బ్రిటన్ మాజీ ప్రధాని థాచర్ మాట చాలా దేశాల్లో పాలకుల నోట నానుతోంది. మన దగ్గర ఆర్థిక సంస్కరణలు 1991లో మొదలయ్యాయి. నా ముందు బెంచీల్లో కూర్చునేవాళ్లు ఆ తర్వాత పదిహేనేళ్లకు పుట్టినవాళ్లు. వాళ్లు కళ్లు తెరిచేసరికి ఉన్నది ఇదొక్కటే.

పైగా ఊహకు తీరిక కావాలి. సాయంత్రం క్లాసయ్యాక డెలివరీ బండి ఎక్కే కుర్రాడికి వచ్చే నెల ఫీజే భవిష్యత్తు.

అపోహ: మనిషి స్వార్థపరుడు. ఈ పెట్టుబడిదారీ పద్ధతి ఆదినుంచీ ఉన్నదే.

వాస్తవం: సంత పాతది, వ్యాపారమూ పాతదే. ఎక్కువమంది తమ శ్రమను జీతానికి అమ్ముకుంటే తప్ప బతకలేని పద్ధతి మాత్రం కొన్ని శతాబ్దాల నాటిదే. జాలారిపేటలో అడగండి: పట్టిన చేపను వాటాలేసి పంచుకోవడం ఎలాగో చెబుతారు. పడవకొక వాటా, వలకొక వాటా, వేటకెళ్లిన మనిషికొక వాటా. అందులో పెత్తనాలు లేవని నేననను. కానీ కూలి ఒక్కటే లెక్క కాదని ఆ ఒడ్డున అందరికీ తెలుసు. మా పిల్లల్లో కొందరి ఇళ్లలోనే ఉన్న ఈ లెక్క వాళ్ల 2075లోకి ఎప్పుడూ రాలేదు. చదువంటే దాన్ని వదిలేసి రావడమేనని మేమే నేర్పామేమో అనిపిస్తుంది.

అపోహ: సినిమాల్లో కార్పొరేట్ విలన్లను తిడుతూనే ఉన్నారుగా!

వాస్తవం: తిడుతున్నారు. చివరికేమవుతుందో చూడండి. చెడ్డ కోటీశ్వరుడు పోతాడు, మంచి కోటీశ్వరుడు ఊరిని దత్తత తీసుకుంటాడు. మన కోపం హాల్లోనే తీరిపోతుంది. లేదంటే పాత సినిమాలే 4కెలో మళ్లీ విడుదలవుతాయి, జనం ఈలలేస్తారు. ఆ ఆనందాన్ని నేను తప్పుపట్టను. ముందుకు చూసే చోట్లు తగ్గినప్పుడు మనసు వెనక్కే పోతుంది.

అపోహ: మరో దారంటే రష్యాయే. అది ఓడిపోయింది.

వాస్తవం: అరకు కాఫీ, మన్యం తేనె అమ్మే గిరిజన సహకార సంస్థ 1956లో ఈ ఊరు కేంద్రంగానే మొదలైంది. విశాఖపట్నం కోఆపరేటివ్ బ్యాంకు 1916 నాటిది. స్పెయిన్‌లో కార్మికులే యజమానులైన మోండ్రాగన్ సహకార సంఘాలూ 1956లోనే పుట్టాయి. ఇవి లోపాల్లేనివని కాదు, ఇలాంటి దారులూ ఉన్నాయని చెబుతున్నాను.

అపోహ: పెద్దవి అడగకూడదు, సాధ్యమైనవే అడగాలి.

వాస్తవం: ఇది విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. 1966లో ఈ ఊరు అడిగిన ఉక్కు కర్మాగారం అప్పటికి భూమ్మీద లేదు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అన్న జనం కట్టని కొలిమిని తమదన్నారు. 32 మంది ప్రాణాలిచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటాం. 1970 ఏప్రిల్‌లో ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్రకటన చేయక తప్పలేదు. 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం అదే ఫ్యాక్టరీలో నూరు శాతం వాటాల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం వెలిసింది. నేనూ వెళ్లి కూర్చున్నాను. అక్కడ అడిగింది ఒక్కటే: అమ్మొద్దు. న్యాయమైన కోరిక. కానీ తాతలు లేనిదాన్ని అడిగారు, మనం ఉన్నదాన్ని పట్టుకుని కూర్చున్నాం. తేడా తెలివిలో లేదు. వాళ్లకు యూనియన్ ఆఫీసులుండేవి, హాస్టల్ గదుల్లో రాత్రంతా వాదనలుండేవి, పదిమంది కలిసి చదివే పేపరుండేది. లేనిదాన్ని ఊహించడం పదిమంది కూర్చుని చేసే పని. ఒక్కో పిల్లనీ విడిగా కూర్చోబెట్టి కాగితమిచ్చి రాయమనడం నా తప్పు.

అందుకే ఈ ఏడు ఐదుగురికొక బృందమన్నాను, రెండు వారాలిచ్చాను. గాజువాక పిల్లల బృందం అద్దె ఇళ్ల గురించి రాసింది: అపార్టుమెంటులో అద్దెకున్నవాళ్లంతా సంఘంగా ఏర్పడి ఆ భవనాన్నే కొనుక్కోవడం, ఖాళీ చేసి వెళ్లేవాళ్లకు వాటా తిరిగివ్వడం. ఒక్కో ఇంటికి నెలకెంతో లెక్కకట్టారు. లిఫ్టు పాడైతే కింద అంతస్తువాళ్లూ డబ్బులివ్వాలా అన్నచోట రెండు రోజులు తగువులాడుకున్నారట. ఆ తగువంతా, ఎవరేమన్నారో పేర్లతో సహా, కాగితం వెనకవైపు రాసి ఉంది.