'గే జీన్' టెస్టు ఎందుకు లేదు: స్వలింగ ఆకర్షణపై అపోహలు, వాస్తవాలు

జెనెటిక్ కౌన్సెలింగ్‌లో తలసీమియా గురించి, పుట్టబోయే బిడ్డ క్రోమోజోముల గురించి అడిగేవాళ్లే ఎక్కువ. అయినా స్వలింగ ఆకర్షణకు టెస్టేమైనా ఉందా అని గొంతు తగ్గించి అడిగేవాళ్లూ ఉంటారు. లేదు. ఆ ప్రశ్న వెనకాల ఉండే అపోహలు మాత్రం బోలెడు.

అపోహ: 'గే జీన్' ఎప్పుడో దొరికేసింది

ఈ మాట 1993 నుంచి వినిపిస్తోంది. అమెరికా శాస్త్రవేత్త డీన్ హామర్ బృందం 40 జంటల గే అన్నదమ్ముల డీఎన్ఏ పరీక్షించింది. అన్నదమ్ములకు తల్లి నుంచి వచ్చే ఎక్స్ క్రోమోజోములో ఏ భాగమైనా ఒకటే అయ్యే అవకాశం సగానికి సగం. అంటే 20 జంటల్లో కలవాలి. ఎక్స్‌క్యూ28 అనే కొస భాగం మాత్రం 33 జంటల్లో కలిసింది. ఆసక్తికరమైన సంగతే. కానీ ఆ భాగంలో చాలా జన్యువులున్నాయి, అందులో ఇదీ అని ఏదీ తేలలేదు. 1999లో కెనడాలో వేరే బృందం వెతికితే ఆ పోలిక కనిపించలేదు. తర్వాత 409 జంటలతో చేసిన అధ్యయనంలో మళ్లీ కొంత కనిపించింది, దాంతోపాటు 8వ క్రోమోజోము మీదా మరో చోటు తేలింది.

2019లో దాదాపు 4,77,000 మంది డీఎన్ఏతో పెద్ద అధ్యయనం వచ్చింది. దీంతో సంబంధం ఉన్నట్టు డీఎన్ఏలో గట్టిగా నిలబడినవి 5 చోట్లు. ఆ ఐదూ కలిపినా మనుషుల మధ్య తేడాలో 1 శాతం కూడా వివరించలేవు. డీఎన్ఏ మొత్తం మీద పరుచుకున్న వేలాది చిన్న తేడాలన్నీ లెక్కేస్తే 8 నుంచి 25 శాతం మధ్య వస్తుంది. ఎత్తును నిర్ణయించే జన్యువు ఒక్కటంటూ ఎలా లేదో, ఇదీ అంతే. ఇంకో చిక్కుంది. అందులో అడిగింది 'ఎప్పుడైనా మీలాంటి లింగం వ్యక్తితో సెక్స్ చేశారా' అని. అది ప్రవర్తన గురించిన ప్రశ్నే కానీ, ఆకర్షణ గురించి కాదు. పైగా అందరూ యూరోపియన్ మూలాలవాళ్లే. ఈ రెండు సంగతులూ వార్తల్లో కొట్టుకుపోయాయి.

అపోహ: జన్యువు కాకపోతే పెంపకం లోపమే

నాకు అన్నిటికన్నా విసుగు తెప్పించేది ఇదే. అధ్యయనాల్లో 'పర్యావరణం' అంటే అమ్మానాన్నల పెంపకం అని కాదు. జన్యువులు కానిదంతా ఆ ఖాతాలోకే వెళుతుంది, గర్భంలో జరిగేది కూడా. 2010లో స్వీడన్ కవలల అధ్యయనంలో మగవాళ్లలో జన్యువుల వాటా 34 నుంచి 39 శాతం, ఆడవాళ్లలో 18, 19 శాతం. ఒకే ఇంట్లో పెరగడం వల్ల వచ్చే ప్రభావం మగవాళ్లలో దాదాపు సున్నా.

అన్నల సంగతి చూడండి. ఒక్కో అన్న ఉన్నకొద్దీ తమ్ముడు గే అయ్యే అవకాశం సుమారు మూడో వంతు చొప్పున పెరుగుతుందని బ్లాంచర్డ్, బొగార్ట్ అనే పరిశోధకులు గమనించారు. కలిసి పెరిగిన సవతి అన్నలతో ఈ ప్రభావం లేదు. ఒకే తల్లికి పుట్టి వేరేచోట పెరిగిన అన్నలతో ఉంది. అంటే విషయం ఇంట్లో కాదు, కడుపులో ఉందన్నమాట. మగబిడ్డలోని వై క్రోమోజోము ప్రోటీన్ మీద తల్లి శరీరం యాంటీబాడీలు తయారుచేస్తుందేమో అన్నది ఒక ప్రతిపాదన. 2018లో దానికి కొంత ఆధారం దొరికింది. లెక్క కట్టిన పద్ధతి మీద విమర్శలూ వచ్చాయి. ఏదేమైనా, మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురుండే చోట మూడో వంతు పెరిగితే ఎంత? ఒక అన్న ఉంటే మహా అయితే నలుగురు, ముగ్గురు అన్నలున్నా ఏడుగురి దాకానే. కాబట్టి మూడో కొడుకు, నాలుగో కొడుకు ఉన్నవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు.

అపోహ: పిల్లల్ని కనరు కాబట్టి ఈ జన్యువులు ఎప్పుడో అంతరించాలి

ఈ తేడాలు గే మనుషుల దగ్గరే ఉంటాయనుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది. వేలాది చిన్న తేడాలు అందరిలోనూ తలా కొంచెం ఉంటాయి, పిల్లలున్న కోట్లమంది వాటిని మోసుకెళ్తూనే ఉంటారు. 2004లో ఇటలీలో కాంపెరియో చియాని బృందం గే మగవాళ్ల తల్లివైపు ఆడవాళ్లకు పిల్లలు కాస్త ఎక్కువని గమనించింది. 2021లో మరో విశ్లేషణలో, ఇవే తేడాలు ఎక్కువగా ఉన్న స్ట్రెయిట్ మనుషులకు జీవితంలో భాగస్వాములు ఎక్కువని తేలింది. ఇవి చాలు అనుకుంటాను.

'పిల్లలు లేని మేనమామ మేనల్లుళ్లను సాకుతాడు, అలా కుటుంబ జన్యువులు నిలుస్తాయి' అన్న వాదన వినడానికి బాగుంటుంది. పసిఫిక్ దీవి సమోవాలో మగవాళ్లుగా పుట్టి ఆడవాళ్ల తీరులో బతికే ఫఅఫాఫినేల్లో దానికి తగ్గ మమకారం కనిపించింది. అమెరికాలో, బ్రిటన్‌లో వెతికితే కనిపించలేదు. నేనైతే దాని మీద ఎక్కువ బరువు పెట్టను.

అపోహ: జంతువుల్లో ఇది ఉండదు

పొట్టేళ్లలో సుమారు 8 శాతం, ఆడగొర్రెలు పక్కనే ఉన్నా పొట్టేళ్లనే ఎంచుకుంటాయి. హవాయి ఓహూ దీవిలోని లేసాన్ ఆల్బట్రాస్ పక్షుల జంటల్లో 31 శాతం ఆడ-ఆడ జంటలని 2008లో తేలింది. గూడు, పొదగడం, పిల్లను పెంచడం అన్నీ కలిసే చేస్తాయి.

అపోహ: ఇప్పుడు లేకపోయినా రేపు టెస్టు వస్తుంది

2019 ఫలితాలు రాగానే, డీఎన్ఏ ఫైలు పెడితే స్కోరు చెప్తానంటూ ఒక యాప్ వచ్చేసింది. దానితో ఎవరి గురించీ చెప్పలేమని అధ్యయనం చేసినవాళ్లే మొత్తుకున్నారు. చివరికి యాప్ తీసేశారు. మరిన్ని లక్షలమంది డీఎన్ఏ చేర్చితే ఇంకొన్ని చోట్లు దొరుకుతాయి, అది ఖాయం. కానీ అచ్చు ఒకే డీఎన్ఏ ఉన్న కవలల్లోనే ఒకరు గే అయితే రెండోవారు చాలాసార్లు కారు. ఏ డీఎన్ఏ టెస్టూ ఆ ఇద్దరినీ విడదీసి చెప్పలేదు.