ట్రయల్స్ సైకిల్ సామాను: ఉప్పుగాలిలో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు

సీటు లేని సైకిలు మీద నిలబడి, కాలు కింద పెట్టకుండా మెట్లూ గోడలూ ఎక్కే ఆట ట్రయల్స్. అది పుట్టింది స్పెయిన్‌లోని కటలోనియాలో, రాతి నేల మీద. మన గోదావరి డెల్టాలో రాళ్ళెక్కడివి? రేవు మెట్లు, కల్వర్టు దిమ్మలు, వేసవిలో కాలవలు కట్టేశాక బయటపడే రివిట్‌మెంట్ రాళ్ళు, అంతే. వాటికి తోడు సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి, రొయ్యల చెరువుల నీళ్ళు, ఏ సందులో దూరినా వదలని ఒండ్రు. తేలిక, గట్టితనం, చౌక: ఈ మూడింట్లో రెండే దొరుకుతాయని అందరూ అంటారు. అంతర్వేది నుంచి యానాం దాకా తొక్కేవాళ్ళకి నాలుగోది కూడా ఉంది, తుప్పు. సామాను కొనేటప్పుడు దాన్నే ముందు లెక్కలో వేసుకోవాలి.

అపోహ: సైకిలు ఎంత తేలికైతే అంత ఎత్తు ఎక్కొచ్చు.

20 అంగుళాల పోటీ సైకిలు 8, 9 కిలోలు ఉంటుంది. కొత్తవాళ్ళ కోసం చేసేది 10, 11 ఉంటుంది. 65 కిలోల మనిషి ఎక్కితే మొత్తం 75. అందులో అరకిలో తగ్గించినా నూటికి ఒక వంతు కూడా తగ్గినట్టు కాదు. ముందు చక్రం ఎత్తి పట్టుకున్నప్పుడు, పక్కకి దూకినప్పుడు ఆ అరకిలో చేతులకి తెలుస్తుంది, కాదనం. కానీ వదులు చైను, జారే బ్రేకు అంతకంటే ఎక్కువ ఎత్తు తినేస్తాయి. చక్రంలో తగ్గించిన బరువు రెండింతలు కలిసొస్తుందనేది రేసు సైకిళ్ళ లెక్క. పావు చుట్టు తిరిగి ఆగిపోయే చక్రంలో ఆ లాభం పెద్దగా కనపడదు. మొదటి ఏడాది డబ్బులు బ్రేకు ప్యాడ్లకి, చైనుకి, హెల్మెట్‌కి పెట్టండి.

అపోహ: కన్నాలున్న రిమ్ము, అల్యూమినియం నిపుల్స్ (స్పోకుని రిమ్ముకి బిగించే చిన్న నట్లు) వేస్తే ఖర్చు లేకుండా బరువు తగ్గుతుంది.

డెల్టాలో ఎక్కువ నష్టం చేసేది ఈ సలహానే. ట్రయల్స్ రిమ్ముల్లో బరువు కోసం పెద్ద పెద్ద కన్నాలు కోస్తారు. వాటి మీద రిమ్ టేపు ఒక్కటే కప్పు. టేపు అంచు కాస్త లేస్తే చాలు, బురదనీళ్ళు లోపలికి పోయి నిపుల్స్ చుట్టూ నిలిచిపోతాయి. స్టెయిన్‌లెస్ స్పోకు, అల్యూమినియం నిపుల్ ఉప్పునీళ్ళలో కలిసి ఉంటే కరిగిపోయేది అల్యూమినియమే. పైకి మెరుస్తూనే ఉంటుంది. టేపు తీసి చూస్తే నిపుల్ తల చుట్టూ తెల్లటి పొడి. చక్రం సరిచేద్దామని స్పోకు కీతో తిప్పితే తల ఊడి చేతికొస్తుంది. ఇత్తడి నిపుల్ ఒక గ్రాము, అల్యూమినియంది సుమారు 0.3 గ్రాము. 32 స్పోకుల చక్రంలో తేడా ఇరవై పైచిలుకు గ్రాములు. దీనికోసం చక్రం మొత్తం విప్పి మళ్ళీ అల్లించుకోవడం దండగ. ఇత్తడివే వేయించండి, మర మీద ఒక చుక్క నూనె పెట్టించండి. రిమ్ముకి కన్నాలుంటే వర్షాకాలం అయ్యాక టేపు విప్పి, మంచినీళ్ళతో కడిగి, బాగా ఆరాకే కొత్త టేపు వేయండి.

స్పోకుల సంగతిలో మాత్రం తేలికే గట్టిది. చివరల్లో 2 మి.మీ. ఉండి నడుము 1.8 మి.మీ.కి సన్నబడ్డ స్పోకు దెబ్బకి కొంచెం సాగుతుంది కాబట్టి మెడ దగ్గర తొందరగా విరగదు. ధర ఎక్కువైనా వెనక చక్రానికి ఇది కొనదగ్గ ఖర్చు.

అపోహ: తుప్పు పడుతోందని బోల్టులన్నీ స్టెయిన్‌లెస్‌గానో టైటానియంగానో మార్చేస్తే సరి.

హ్యాండిల్ పట్టే స్టెమ్ములో వచ్చే నల్లటి బోల్టు తల మీద 12.9 అని ఉంటే అది 1200 మెగాపాస్కల్ బలం దాకా తట్టుకుంటుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఏ2-70 స్టెయిన్‌లెస్ బోల్టు బలం 700. బ్రేకు లీవర్ క్లాంపుకి చాలు. స్టెమ్ముకి, బ్రేకు బిగించే మౌంట్లకి అది వద్దు. టైటానియం తుప్పు పట్టదు, స్టీలు బరువులో 60 శాతం లోపే. అయితే సైకిలంతా మార్చినా మిగిలేది కొన్ని పదుల గ్రాములు, ఖర్చు మాత్రం చాలా ఎక్కువ. పైగా స్టెయిన్‌లెస్ అయినా టైటానియం అయినా అల్యూమినియం మరలో పొడిగా బిగిస్తే ఉప్పుగాలికి మర తినేస్తుంది, లేదా అక్కడే పట్టేస్తుంది. బోల్టు ఏదైనా మరకి గ్రీజు రాసి బిగించండి. వానలకి ముందొకసారి, తర్వాతొకసారి విప్పి మళ్ళీ రాయండి. స్టెమ్ము మీద 5 న్యూటన్ మీటర్లు అని ఉంటే, టార్క్ రెంచ్ లేనివాళ్ళకి అంచనా ఇది: 10 సెం.మీ. అలెన్ కీ చివర సుమారు 5 కిలోల ఒత్తిడి. అంతకు మించితే మర పోతుంది.

అపోహ: అల్యూమినియం ఫ్రేము పగిలితే వెల్డింగు పెట్టిస్తే సరిపోతుంది.

స్టీలు ఫ్రేము బరువెక్కువ, కానీ చిన్న పగులైతే గ్యాసు వెల్డింగులో ఇత్తడి పోయించి ఇంకొన్నాళ్ళు తొక్కొచ్చు. దాని శత్రువు లోపలి తుప్పు. గొట్టం లోపల నూనె తిప్పి పోసి, నీళ్ళు కారే కన్నం మూసుకుపోకుండా చూసుకుంటే చాలు. 6061 రకం అల్యూమినియం ఫ్రేముకి ఫ్యాక్టరీలో వేడిచేసి, చల్లార్చి గట్టిదనం తెస్తారు. తర్వాత వెల్డింగు పెడితే అతుకు పక్కన ఆ బలం దాదాపు సగానికి పడిపోతుంది. అతుకు నిలుస్తుంది, దాని పక్కనే మళ్ళీ పగులుతుంది. అందులోనూ ఇంతకంటే చిన్న దెబ్బ ఏమీ చేయదు అనే అలసట హద్దు అల్యూమినియానికి లేదు. చిన్న దెబ్బలు కూడా లెక్కలో చేరుతూనే ఉంటాయి.

అందుకే వారానికోసారి చూసుకోవాలి. కడిగి ఆరాక టార్చి వెలుగు ఏటవాలుగా వేసి, కింది గొట్టం హెడ్ ట్యూబుకి (హ్యాండిల్ కిందుండే ముందు గొట్టం) కలిసే చోట, బ్రేకు మౌంట్ల చుట్టూ, పెడల్ ఇరుసు వెనక అతుకుల మీద వెతకండి. తుడిచినా మళ్ళీ తేలే సన్నటి నల్ల గీత కనపడితే అక్కడ రంగు గీకండి. గోరు తట్టుకుంటే ఆ అల్యూమినియం ఫ్రేము పని అయిపోయినట్టే.

అపోహ: వెడల్పు చైను తెగదు.

మూడు బై ముప్పైరెండు అంగుళాల చైను లోపలి వెడల్పు 2.4 మి.మీ., ఒకటి బై ఎనిమిది చైనుది 3.2. బలం ఆ వెడల్పులో లేదు, పిన్నులో, పలకల మందంలో ఉంది. ఎక్కువగా తెగేది ఒకసారి బయటికి నొక్కిన పిన్నుని మళ్ళీ కొట్టిన చోట. బలమంతా పెడల్ మీద వేసి ఎగిరేటప్పుడు తెగితే మోకాలు హ్యాండిల్‌కి, మూతి మెట్టు అంచుకి. ఇక్కడ గ్రాములు మిగుల్చుకోవద్దు, బోలు పిన్నుల చైను కొనొద్దు. స్టీలు స్కేలు పెట్టి 24 లింకులు కొలవండి. 304.8 మి.మీ. ఉండాలి, 306 దాటితే మార్చేయండి. వానలో తడిస్తే ఆ రాత్రికే కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, రోలరుకో చుక్క నూనె వేసి పైన తుడిచేయండి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వాడకండి. చలికాలం పొద్దున పేరుకుంటుంది, తర్వాత జిగురవుతుంది.

అపోహ: ఫ్రీవీల్‌కి గ్రీజు దట్టిస్తే ఎక్కువ కాలం వస్తుంది.

ట్రయల్స్‌లో ఫ్రీవీల్ ఎక్కువగా ముందు క్రాంకుకే (పెడల్ తగిలించే కడ్డీ) ఉంటుంది. చుట్టుకి 72 పట్లున్నది (పట్టు అంటే లోపలి నాలుక పంటిని పట్టుకునే చోటు) 5 డిగ్రీలకి, 108 పట్లున్నది 3.3 డిగ్రీలకి పట్టుకుంటుంది. చిక్కటి గ్రీజు నాలుకల్ని లేవనివ్వదు, సగం పట్టి జారుతుంది, పళ్ళు అరుగుతాయి. పలచటి నూనె పది చుక్కలు చాలు. బురదలో మునిగితే ముందు కిరసనాయిలుతో కడగండి. క్రాంకు మర మీద మాత్రం గ్రీజు తప్పనిసరి.

అపోహ: సీల్డ్ బేరింగులోకి నీళ్ళు పోవు.

బైకుల వాటర్ సర్వీసు గన్ను పెడితే పోతాయి. మార్చేటప్పుడు సీలు మీద అంకె చూసి బేరింగుల షాపులో అడగండి. అంకె చివర 2ఆర్‌ఎస్ ఉన్నదే తీసుకోండి, జడ్‌జడ్ రేకు మూత నీటిని ఆపదు.

అపోహ: బ్రేకు ఆయిలు ఏదైనా ఒకటే.

హైడ్రాలిక్ రిమ్ బ్రేకుల్లో పోసేది మినరల్ ఆయిలు. బైకుల షాపులో దొరికే డాట్ 4 పోస్తే సీళ్ళు ఉబ్బి లీవరు పోతుంది.

అపోహ: పోటీలకి 20 అంగుళాలే మేలు, మొదట అదే కొనాలి.

ప్రపంచ పోటీల్లో 20, 26 రెండు తరగతులూ ఉన్నాయి. ఇక్కడ చూడాల్సింది టైరు. 20 అంగుళాల ట్రయల్స్ సైకిలు ముందు టైరు 406 కొలత (టైరు కూర్చునే రిమ్ము వ్యాసం, మి.మీ.లో), వెనకది 387. ఈ రెండోది మన షాపుల్లో దొరికేది కాదు. 26 అంగుళాల ట్రయల్స్ రిమ్ము 559, మౌంటెన్ సైకిలు టైరు పట్టేస్తుంది. మామూలు సైకిలు 26 × 1⅜ టైరు మాత్రం 590, అది పట్టదు. పాత 20 సైకిలు కొనేటప్పుడు వెనక టైరు పక్కన 60-387 అని ఉంటే, రెండు టైర్లు సైకిలుతో పాటే తెప్పించుకోండి. ట్యూబు సర్దుకుంటుంది గానీ టైరు సర్దుకోదు.