ఈడొచ్చినా ఎదుగుదల లేకపోతే రక్తపరీక్ష ఏం చెబుతుంది

చిరంజీవులకు ఆశీస్సులు.

అమ్మాయిలకు 13 నిండినా రొమ్ముల ఎదుగుదల మొదలవకపోతే, అబ్బాయిలకు 14 నిండినా వృషణాలు పెరగకపోతే డాక్టరుకు చూపించాలి. చంకల్లో వెంట్రుకలు వచ్చాయి కదా అని ఊరుకోకండి. అవి మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథుల వల్ల కూడా వస్తాయి.

డాక్టరు హార్మోన్ల పరీక్ష రాస్తే రక్తం ఉదయం 8 గంటల ప్రాంతంలోనే ఇవ్వండి. ఈ వయసు తొలిరోజుల్లో, మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే ఎల్‌హెచ్ హార్మోను నిద్రలోనే ఎక్కువగా ఊరుతుంది, మధ్యాహ్నానికి జాడ ఉండదు. జుట్టుకని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే ఆ సంగతి ముందే చెప్పండి. కొన్ని యంత్రాల్లో వాటివల్ల అంకెలు తారుమారవుతాయి. ఇక రిపోర్టులో పక్కన అచ్చేసే నార్మల్ రేంజి చాలాసార్లు పెద్దవాళ్లది. అది చూసి ఇంట్లో కంగారు పడటం అనవసరం.

ఎఫ్‌ఎస్‌హెచ్ (ఇదీ పిట్యూటరీ హార్మోనే), ఎల్‌హెచ్ బాగా ఎక్కువుండి, అబ్బాయిల హార్మోను టెస్టోస్టిరానో అమ్మాయిల హార్మోను ఈస్ట్రడయోలో తక్కువుంటే లోపం అండాశయాల్లో, వృషణాల్లో ఉన్నట్టు. కింద ఎవరూ పలకకపోతే పైవాళ్లు గొంతు పెంచుతారే, పిట్యూటరీ చేసేదీ అదే. అప్పుడు క్రోమోజోముల పరీక్ష రాస్తారు. అమ్మాయిల్లో టర్నర్ (ఒక ఎక్స్ క్రోమోజోము లోపించడం), అబ్బాయిల్లో క్లైన్‌ఫెల్టర్ (ఒక ఎక్స్ ఎక్కువుండటం) ఉన్నాయేమో అందులో తేలుతుంది.

అన్నీ తక్కువుంటేనే చిక్కు. కాస్త ఆలస్యంగా ఎదిగే పిల్లలకూ, మెదడు నుంచి సంకేతమే రాని పిల్లలకూ రిపోర్టు ఒకేలా వస్తుంది. అందుకే ఎడమ చేతి ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారు. 15 ఏళ్ల అబ్బాయికి ఎముకల వయసు 11 ఉంటే ఎల్‌హెచ్ తక్కువుండటంలో వింతేముంది? నాన్నకు మీసం ఎప్పుడొచ్చిందో, అమ్మ ఎప్పుడు పెద్దమనిషైందో అడగడం కూడా పరీక్షే. వాసనలు తెలియడం లేదంటే మాత్రం, మెదడు సంకేతంతో పాటు వాసన కూడా లోపించే కాల్‌మన్ సిండ్రోమ్‌ను అనుమానిస్తారు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు ఊరించే హార్మోను), రక్తహీనత, గోధుమ పడకపోవడం కూడా చూస్తారు. తిండి బాగా తగ్గించినా, ఆటల్లో ఒళ్లు మరీ హూనం చేసుకున్నా ఈ హార్మోన్లు పడిపోతాయి.

తర్వాత పిట్యూటరీని కదిలించే ఇంజెక్షన్ ఇచ్చి ఎల్‌హెచ్ ఎంత పెరిగిందో కొలుస్తారు. బాగా పెరిగితే ఎదుగుదల మొదలైందనే. పెరగకపోతే మాత్రం ఏదీ తేల్చలేం, నా లెక్కలో అది ఫెయిలూ కాదు పాసూ కాదు. కొందరు అబ్బాయిలకు తక్కువ మోతాదులో టెస్టోస్టిరాన్ నెలకొకటి చొప్పున కొన్ని నెలలు ఇచ్చి ఆపేస్తారు. ఆ మందు వృషణాలను పెంచదు. కాబట్టి ఆ తర్వాత అవి పెరిగాయంటే సొంత హార్మోన్లు మేల్కొన్నట్టే. పెరగకపోతే ఉదయపు రక్తపరీక్ష మళ్లీ చేయిస్తారు, పాత రిపోర్టులు పారేయకండి.