మంచు చరియ పుట్టేది అడుగున

2024 జనవరిలో కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ వాలులు మంచు లేక బోసిపోయాయి. ఫిబ్రవరిలో ఒక్కసారిగా భారీగా కురిసింది. 22న ఖిలన్‌మార్గ్ దగ్గర మంచు చరియ విరుచుకుపడి ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు. అంతకుముందు ఏడాది ఫిబ్రవరి 1న అక్కడే అఫర్వత్ కొండ వాలు ఇద్దరు పోలాండ్ స్కీయర్లను బలి తీసుకుంది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా అందరూ కొత్త మంచునే తిడతారు. కొత్త మంచు తెచ్చేది బరువు. దాన్ని మోయలేని బలహీనమైన పొర చాలాసార్లు వారాల ముందే, మబ్బు లేని చలి రాత్రుల్లో తయారై కూర్చుంటుంది.

ఎలాగంటే, నేలను ఆనుకున్న మంచు దాదాపు 0 డిగ్రీల దగ్గర ఉంటుంది. రాత్రి పైభాగం మైనస్ 15కి దిగిందనుకోండి. మంచు మందం 50 సెంటీమీటర్లే అయితే ప్రతి 10 సెంటీమీటర్లకూ 3 డిగ్రీల తేడా. 2 మీటర్లుంటే 0.75 మాత్రమే. ఈ తేడా సుమారు 1 డిగ్రీ దాటిందంటే అడుగు నుంచి నీటి ఆవిరి జోరుగా పైకి లేచి, పై పలుకుల మీద గడ్డకడుతూ కోణాలు తేలిన స్ఫటికాలను పెంచుతుంది. వాటి మధ్య అతుకు ఉండదు. గుప్పెట పట్టి నొక్కినా ఉండ కట్టవు, జలజలా రాలిపోతాయి. అందుకే పలుచటి మంచు అంత మోసకారి.

ఈ స్ఫటికాలను సెంట్రింగ్ కర్రలనుకుంటే, గాలి మోసుకొచ్చి కుదించిన పై మంచు శ్లాబు. స్కీయర్ బరువుకు ఒకచోట కర్రలు విరిగితే భారం పక్కవాటి మీద పడుతుంది, అవీ విరుగుతాయి. పగులు సెకనుకు పదుల మీటర్ల వేగంతో పాకుతుంది. కాళ్ల కింద 'వుఫ్'మని వినబడితే కర్రలు కూలినట్టే. సమతలంలో శ్లాబు అక్కడే కూలబడుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలులో జారిపోతుంది. శ్లాబు మీటరున్నర మందమున్నచోట మనిషి బరువు కర్రల దాకా చేరకపోవచ్చు. రాళ్ల పక్కన 40 సెంటీమీటర్లే ఉన్నచోట తప్పక చేరుతుంది, అక్కడ మొదలైన పగులు వాలంతటినీ లాగేస్తుంది. ముందు పదిమంది దిగిన జాడలు భరోసా కావు, వాళ్లెవరూ ఆ పలుచటి చోటు తొక్కకపోయి ఉండవచ్చు.

గట్టిగా అరిస్తే చరియ కూలుతుందన్న నమ్మకాన్ని మాత్రం బడిలోనే వదిలించాలి. అరుపు వల్ల మంచు మీద పడే ఒత్తిడి ఒకటి రెండు పాస్కల్స్. స్కీయర్ బరువు కలిగించేది దానికి వందల రెట్లు.

కర్రల బలం చూడటానికి ఒక పరీక్ష ఉంది. వెళ్లబోయే వాలు లాంటిదే, అదే దిక్కుకు తిరిగినదే, ప్రమాదం లేని చిన్న వాలు చూసి గొయ్యి తవ్వాలి. 90 సెంటీమీటర్ల వెడల్పు, ముందు నుంచి వెనక్కి 30 సెంటీమీటర్లున్న మంచు దిమ్మెను, వెనక వైపు ముడులు వేసిన తాడుతో కోసి, విడదీయాలి. ఒక చివర పార పెట్టి మణికట్టు నుంచి 10, మోచేతి నుంచి 10, భుజం నుంచి 10 దెబ్బలు. పగులు మొదలైన దెబ్బకే, లేదా మరుసటి దెబ్బకే ఆ చివర దాకా పాకితే ఆ వాలు వదిలేయాలి. బలహీన పొర మీటరు కంటే లోతున ఉంటే దెబ్బల బలం అక్కడిదాకా వెళ్లదు. దిమ్మె కదలకపోవడం చూసి చాలామంది మోసపోయేది ఇక్కడే. అలాంటప్పుడు 30 డిగ్రీల లోపు, పైన నిటారు వాలు లేని దారే పట్టాలి. ఒక్కొక్కరే దాటాలి, ప్రతి ఒక్కరి దగ్గరా 457 కిలోహెర్ట్జ్ ట్రాన్సీవర్ (మంచు కింద ఉన్నవాళ్ల చోటు చూపే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఉండాలి. కప్పబడిన మనిషికి మిగిలేది పది, పదిహేను నిమిషాలే, ఆలోగా తవ్వి తీయగలిగేది పక్కనున్నవాళ్లే.