కొమ్ముపురుగు పుట్టిల్లు గత్తం కుప్ప

శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, మందస వైపు కొబ్బరి చెట్టున్న ఏ పెరట్లో నిలబడినా ఒక ప్రశ్న వినిపిస్తుంది: "మట్టలు కత్తెరేసినట్టు వస్తన్నాయి, ఏటి మందు కొట్టాల?" విజయనగరం జిల్లాలో భోగాపురం, పూసపాటిరేగ తీరం వెంబడి కూడా ఇదే ప్రశ్న. చెట్టు మీద మందు కొట్టొద్దు. ముందు పెరటి మూలనున్న గత్తం (పేడ ఎరువు) కుప్పను పారతో తిరగెయ్యండి.

ఆ కోత కొమ్ముపురుగుది. నాలుగైదు సెంటీమీటర్ల నల్లని పెంకుపురుగు, తల మీద చిన్న కొమ్ము. రాత్రిపూట ఎగిరొచ్చి, మొవ్వు పక్కనున్న మట్ట మొదట్లో దూరి, ఇంకా విచ్చుకోని లేత మొవ్వులోకి తొలుచుకుంటూ పోతుంది. పీచు నమిలి బయటికి నెట్టేస్తుంది, రసం తాగుతుంది. రంధ్రం దగ్గర తడి పీచు ముద్దగా కనబడితే పురుగు లోపలే ఉన్నట్టు. మొవ్వులో ఆకు మడతలు పడి ఉంటుంది. కాగితాన్ని మడిచి ఒక్కచోట కత్తెర వేసి విప్పితే రెండు వైపులా ఒకే కోత వస్తుంది కదా, మట్ట విచ్చుకున్నప్పుడు ఇక్కడా అదే జరుగుతుంది. అంటే ఈ వేళ మన కంటబడిన కోత ఎన్నో వారాల కిందటిది. దాన్ని చూసి మందు కొట్టేసరికి పురుగు ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుంది. ఒకవేళ ఉన్నా మొవ్వు లోతులో ఉంటుంది, కింద నుంచి కొట్టిన మందు దాన్ని తాకదు. పూతపొత్తిని తొలిస్తే ఆ గెల పోయినట్టే. మూడు నాలుగేళ్ళ మొక్కలో తొలుపు మొవ్వు అడుగున ఎదిగే మొన దాకా పోతే మొక్కే చచ్చిపోతుంది. కాపున్న చెట్టు ఇలా అయితే దిష్టి తగిలిందని పాత చెప్పు కట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. చెప్పు వల్ల చెట్టుకు హాని లేదు గానీ, ఆ నమ్మకంతో ఊరుకున్నన్నాళ్ళూ కుప్పలో పిల్లపురుగులు పెరుగుతూనే ఉంటాయి.

వరిలో కాండం తొలిచేదీ, వంకాయలో దూరేదీ పిల్లపురుగే. కొమ్ముపురుగు సంగతి దానికి తలకిందులు. దీని పిల్లపురుగు పచ్చని దాన్ని ముట్టుకోదు, కుళ్ళే గత్తం, కుళ్ళిన కొబ్బరి మాను, రంపపుపొట్టు తిని బతుకుతుంది. చెట్టుకు పెద్దపురుగే శత్రువు. తల్లి గత్తంలో అయిదు నుంచి పదిహేను సెంటీమీటర్ల లోతున గుడ్లు పెడుతుంది. ఎనిమిది నుంచి పన్నెండు రోజుల్లో అవి పొదుగుతాయి. పిల్లపురుగు దశ తిండిని బట్టి 80 నుంచి 200 రోజులు, ప్యూపా దశ మూడు వారాలు. బడిలో రూపవిక్రియ చెప్పడానికి ఎప్పుడూ సీతాకోకచిలుక బొమ్మే గీస్తారు. పల్లెటూరి బడికి నాలుగడుగుల్లో గత్తం కుప్ప ఉంటుంది. పిల్లల చేత ఒక్కసారి తవ్విస్తే గుడ్డు, తెల్లగా వంకరగా బొటనవేలంత లావున్న పిల్లపురుగు, ప్యూపా, కొమ్మున్న పెద్దపురుగు, నాలుగూ అరచేతిలోకొస్తాయి.

ఆ రోజుల లెక్కలోనే మొదటి ఉపాయం ఉంది. ఎంత తొందరగా పెరిగినా గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా నూట పది రోజులకు తక్కువ పట్టదు. మూడు నెలలకొకసారి కుప్పను అడుగంటా తిరగేస్తే ఒక్క పురుగూ ఎగిరే దశకు రాదు. తిరగేసేటప్పుడు కోళ్ళను వదలండి, పిల్లపురుగుల్ని అవే ఏరుకుంటాయి. మన దగ్గర జరిగేది వేరు. గత్తం ఏడాదికి ఒక్కసారి, దుక్కులకు ముందు బళ్ళకెత్తుతారు. మిగతా పది నెలలు కుప్ప కదలదు. ఆ వ్యవధిలో పురుగు గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా తీరిగ్గా పెరుగుతుంది. తొలకరి పడగానే పెద్దపురుగులు గుంపుగా బయటికొస్తాయి.

గత్తం ఒక్కటే కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కవిటి, సోంపేట వైపున్న ఉద్దానంలో కొబ్బరి మాన్లు వరసలకు వరసలు కూలాయి. పడి కుళ్ళే మాను, తల పోయి నిలబడే మోడు, రెండూ ఈ పురుగుకు ప్రసూతి గదులే. మానును ముక్కలు కోసి, నిలువునా చీల్చి, ఎండబెట్టి పొయ్యిలో పెట్టాలి. కుదరకపోతే మోడును తవ్వి తియ్యాలి. తుఫాను తర్వాత తోటల్లో తొలుపు పెరగడానికి చెట్టు బలహీనత కంటే ఈ మాన్లే పెద్ద కారణం.

ఇప్పుడు అసలు ముచ్చట, మెటారైజియం అనే బూజు. ఇది పురుగును తినే శిలీంధ్రం. తినే తీరు చూస్తే ఆశ్చర్యం తరగదు. దీని సిద్ధబీజానికి, అంటే విత్తనంలాంటి కణానికి, నీరంటే పడదు, పురుగు ఒంటి మీది మైనపు పొరకు మాత్రం అతుక్కుంటుంది. తేమ ఉంటే ఒక రోజులో మొలకెత్తుతుంది. మొలక చివర ఉబ్బి, పైపొర మీద గట్టిగా అదుముకుంటుంది. పిల్లపురుగు చర్మం కైటిన్ నారల్ని మాంసకృత్తులు పొదివి పట్టుకున్న అల్లిక. బూజు ముందు మాంసకృత్తుల్ని కరిగించే ఎంజైమును వదులుతుంది. అప్పుడు కైటిన్ బయటపడుతుంది, ఇక దాన్ని కరిగించే రెండో ఎంజైము దిగుతుంది. ఈ వరస తప్పితే గోడ తెగదు. ఎంజైములు మెత్తబరచిన చోట మొలక తన ఒత్తిడితో లోపలికి దూసుకుపోతుంది. పురుగు నెత్తుట్లో చిన్న చిన్న తునకలుగా విడిపోయి నలుమూలలా పెరుగుతుంది, డెస్ట్రక్సిన్లనే విషాల్ని వదులుతుంది. ముదురు పిల్లపురుగుకైతే చావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. చచ్చాక బూజు చర్మం చీల్చుకుని బయటికొస్తుంది, ముందు తెల్లగా, తర్వాత ముదురాకు పచ్చగా. ఆ పచ్చదనమంతా కొత్త సిద్ధబీజాలే. అలా పచ్చబడి గట్టిపడిన పురుగు దొరికితే పారెయ్యకండి, నలిపి పక్క కుప్పలో కలపండి.

ఇంత గట్టి బూజు కూడా పెరట్లో చాలాసార్లు పని చెయ్యదు. మొదటి కారణం మోతాదు. కాసరగోడులోని కేంద్రీయ తోట పంటల పరిశోధనా సంస్థ ఘనపు మీటరు గత్తానికి 50 వేల కోట్ల సిద్ధబీజాలు సిఫారసు చేసింది. ఘనపు మీటరంటే ఇంచుమించు మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. ఇప్పుడు బూజు పొడి ప్యాకెట్టు మీద చదవండి. గ్రాముకు పది కోట్లు అని ఉంటే ఘనపు మీటరుకు అయిదు కిలోలు కావాలి. గ్రాముకు వంద కోట్లుంటే అరకిలో సరిపోతుంది. గుప్పెడు పొడి చల్లి బూజు మంచిది కాదనడం అన్యాయం. ఖర్చు తగ్గించాలంటే కుప్పంతా కలపక్కర్లేదు, పిల్లపురుగులున్న మేరకే లెక్క కట్టి వెయ్యండి.

రెండోది వేడి. ఈ బూజుకు 25 నుంచి 30 డిగ్రీలు హాయి, 37 దాటితే ఎదుగుదల ఆగుతుంది. పచ్చి పేడ కుప్ప నడుమ మాగే వేడి 50 డిగ్రీలు దాటుతుంది, అక్కడ వేసిన పొడి వృథా. పిల్లపురుగు కూడా ఆ వేడిలో ఉండదు, చల్లారిన అంచుల్లో, సగం మాగిన పొరల్లో ఉంటుంది. చెయ్యి పెడితే వెచ్చదనం తెలియని చోటే బూజు కలపాలి. మూడోది ఎండ. పొడి పైన పరిచి వదిలేస్తే ఎండలోని అతినీలలోహిత కిరణాలు గంటల్లో సిద్ధబీజాల్ని చంపేస్తాయి. సాయంత్రం వెయ్యండి, జానెడు లోతుకు కలపండి, పైన కొబ్బరి మట్టలు కప్పండి. నాలుగోది తేమ. గత్తం గుప్పెట పట్టి పిండితే ముద్ద నిలవాలి, నీరు కారకూడదు. నీళ్ళలో కలిపి పోసేటట్టయితే సిద్ధబీజాలు పైన తేలిపోతాయి. బకెట్టుకు నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు వేసి బాగా తిప్పాలి. అదే కుప్పలో తెగుళ్ళ మందు కలిపిన నీళ్ళు పోస్తే బూజు చస్తుంది. వానపాములకు దీనితో భయం లేదు. జూన్, జూలైలో తొలి వానలు కుప్పను తడిపాక వెయ్యడం అన్నిటికన్నా మంచి అదను.

చెట్టు మీద చేయాల్సింది కొద్దిగానే ఉంది, అదీ చెయ్యి అందే చెట్లకే. తడి పీచు కనబడితే కొన వంచిన ఇనప ఊచతో పురుగును లాగెయ్యాలి. ఆ రంధ్రం వాసనకు ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది, దాని పిల్లపురుగులు మాను లోపలంతా తినేస్తాయి. అందుకని రంధ్రాన్ని వెంటనే ఇసుకతో కూరాలి. పావుకిలో వేపపిండిలో అంతే ఇసుక కలిపి పై మూడు మట్టల మొదళ్ళలో నింపడం ఏడాదికి మూడుసార్లు చాలు: ఏప్రిల్–మే, సెప్టెంబరు–అక్టోబరు, డిసెంబరు–జనవరి. చిన్న మొక్కలకు మూడు నాలుగు నాఫ్తలీన్ ఉండలు పెట్టి ఇసుక కప్పొచ్చు, నలభై అయిదు రోజులకొకసారి మార్చాలి. ఉండలు చిన్నపిల్లలకు అందనివ్వకండి.

వాసనతో పురుగుల్ని పిలిచి పట్టే ఆకర్షక బుట్ట (ఫెరోమోన్ ట్రాప్) ఒక్క పెరటికి వద్దు. అయిదెకరాలకు ఒకటి చొప్పున తోటలో పెట్టేది అది. చిన్న పెరట్లో కడితే చుట్టుపక్కల పురుగుల్ని కూడా మీ చెట్ల దాకా పిలుస్తుంది. వీధి వీధంతా కలిసి, చెట్లకు దూరంగా పెట్టుకుంటే మేలు. గత్తం కుప్ప విషయమూ అంతే. రెక్కలున్న పురుగుకు దడి అడ్డం కాదు గనక పక్కింటి కుప్ప కూడా తిరగెయ్యాల్సిందే.

ఫలితం ఎప్పుడు చూడాలి? పెద్దపురుగు నాలుగు నుంచి తొమ్మిది నెలలు బతుకుతుంది, ఇప్పటికే ఎగిరిపోయినవి ఇంకా కొన్నాళ్ళు తొలుస్తాయి. మొవ్వులో కోత పడ్డ ఆకులు కూడా ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. కొబ్బరి ఇంచుమించు నెలకో మట్ట వేస్తుంది. కుప్పకు బూజు వేసిన రోజున కొత్తగా విచ్చిన మట్టకు రంగు తాడు కట్టి, ఏడాది తిరిగాక దాని పైన వచ్చిన మట్టల్లో కోత లేనివెన్నో లెక్కపెట్టండి.