ఎవరు చెప్పినా వినే యంత్రాలు

1979లో మోడికాన్ కంపెనీ తన పీఎల్‌సీల (ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్ల) కోసం మోడ్‌బస్ అనే ప్రోటోకాల్ తెచ్చింది. మోటారు ఆన్ చెయ్, వాల్వ్ మూసెయ్ లాంటి ఆదేశాలను యంత్రానికి చేరవేసే పద్ధతి అది. పాస్‌వర్డ్ లేదు, ఆదేశం ఎవరు పంపారో సరిచూసే ఏర్పాటూ లేదు. అప్పట్లో ఆ అవసరం రాలేదు, ఎందుకంటే తీగ ఫ్యాక్టరీ గోడ దాటేది కాదు. తర్వాత ఉత్పత్తి లెక్కలు హెడ్డాఫీసులో కనపడాలని, రిపేరు దూరం నుంచే చేయాలని ఆ తీగను ఆఫీసు నెట్‌వర్క్‌కు, అక్కడి నుంచి ఇంటర్నెట్‌కు కలుపుకుంటూ పోయారు. మోడ్‌బస్ మాత్రం ఈనాటికీ వాడుకలో ఉంది.

దీని ఫలితం తొందరగానే బయటపడింది. 2000లో ఆస్ట్రేలియాలోని మరూచీ ప్రాంతంలో, ఉద్యోగం దొరకలేదన్న కోపంతో ఒక మాజీ కాంట్రాక్టు ఉద్యోగి రేడియో, ల్యాప్‌టాప్‌లతో మురుగునీటి పంపులకు తప్పుడు ఆదేశాలు పంపాడు. దాదాపు 8 లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకి, వాగుల్లోకి పారింది. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే కంప్యూటర్ వైరస్ అయితే ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రంలో యురేనియంను శుద్ధి చేసే సెంట్రిఫ్యూజు యంత్రాలను పాడుచేస్తూనే, ఆపరేటర్ల తెరల మీద అంతా మామూలుగా ఉన్నట్టు చూపించింది.

నా దృష్టిలో అందరూ చదవాల్సిన ఘటన ఉక్రెయిన్‌ది. 2015 డిసెంబర్ 23న అక్కడి మూడు విద్యుత్ పంపిణీ సంస్థల్లో కొందరు ఆపరేటర్ల కళ్లెదుటే తెర మీద మౌస్ బాణం దానంతటదే కదిలి బ్రేకర్లను, అంటే లైన్లకు కరెంటు కలిపే పెద్ద స్విచ్‌లను, తెరిచి సరఫరా ఆపేసింది. హ్యాకర్లు లోపలికి వచ్చింది అంతకు నెలల ముందు, ఈమెయిల్‌లో పంపిన మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఫైళ్ల ద్వారా. సుమారు 2.25 లక్షల కనెక్షన్లకు కరెంటు పోయింది. ఫిర్యాదు చేయబోతే కాల్ సెంటర్ లైన్లను దొంగ కాల్స్‌తో నింపేశారు. అయినా కొన్ని గంటల్లోనే కరెంటు తిరిగి వచ్చిందంటే, సిబ్బంది బండ్లెక్కి సబ్‌స్టేషన్లకు వెళ్లి బ్రేకర్లను చేత్తో వేయడం వల్లే. ఆ పని తెలిసినవాళ్లు అక్కడ ఇంకా మిగిలి ఉన్నారు. ఆటోమేషన్ వచ్చిందని పాత సిబ్బందిని తగ్గించుకుంటున్న చోట్ల ఏం జరుగుతుందోనన్న టెన్షన్ నాకు ఉంది.

2017లో సౌదీలోని ఒక పెట్రోకెమికల్ ప్లాంటు మీద జరిగిన ట్రైటాన్ దాడి ఇంకా భయంకరమైనది. ప్రమాదం వస్తే ప్లాంటును ఆపాల్సిన భద్రతా కంట్రోలర్లనే అది గురిపెట్టింది. వాటి మీద ఒక తాళంచెవి స్విచ్ ఉంటుంది. దాన్ని ‘రన్’లో పెట్టకుండా ‘ప్రోగ్రామ్’లోనే వదిలేయడంతో ప్రోగ్రామ్ మార్చడానికి దారి దొరికింది. దాడి కోడ్‌లోని లోపం వల్ల ప్లాంటు దానంతటదే ఆగిపోయి, ప్రాణాలు దక్కాయి.

మన దేశంలో కీలక కంప్యూటర్ వ్యవస్థల రక్షణకు ఎన్‌సీఐఐపీసీ అనే ప్రభుత్వ సంస్థ 2014లో ఏర్పడింది. 2019లో కూడంకుళం అణు కేంద్రంలో మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) దొరికింది. అది ఆఫీసు నెట్‌వర్క్‌లోని కంప్యూటర్‌లోనే ఉందని, ప్లాంటు వ్యవస్థలకు సోకలేదని ఆ కేంద్రాన్ని నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్ ప్రకటించింది. ఆ రెండు నెట్‌వర్క్‌లను విడిగా ఉంచారు కాబట్టే ఆ మాట చెప్పగలిగారు. చిన్న ఫ్యాక్టరీల్లో చాలాచోట్ల బిల్లులు కొట్టే కంప్యూటరూ, మెషిన్లు నడిపే కంప్యూటరూ ఒకే వైఫైలో ఉంటాయి. వాటిని విడదీయడం కొత్త సాఫ్ట్‌వేర్ కొనడం కంటే ముందు చేయాల్సిన పని.